మూడు అంకెలు, నాలుగు వేల పెళ్లి ఫొటోలు

చెల్లెలి పెళ్లయి పద్నాలుగు నెలలైనా ఆల్బమ్ రాలేదు. ఇందులో స్టూడియో అతని తప్పేమీ లేదు. 250 ఫొటోలు ఎంచి ఇస్తే నెల తిరగకుండా కరిజ్మా ఆల్బమ్ చేతికిస్తానని పెళ్లయిన వారానికే హార్డ్ డిస్క్ తెచ్చి ఇచ్చాడట. అందులో 4,200 ఫొటోలు. అది సైదాబాద్‌లోని మా ఇంటి బీరువాలో, పట్టుచీరల కింద ఉండిపోయింది. ఎంచుదామని అమ్మ రెండుసార్లు కూర్చుందట. రెండుసార్లూ మంగళస్నానాలు దాటలేదు.

నేను అబుదాబి నుంచి నెల రోజుల సెలవు మీద వచ్చాను. "నీ ఉద్యోగమే ఫొటోలు చూడడం కదా, నువ్వే తేల్చు" అని నాన్న ఆ డిస్క్ నా ముందు పెట్టారు.

ఆయన మాట మరీ తప్పు కాదు. నేను ఒక నిర్మాణ కంపెనీలో డాక్యుమెంట్ కంట్రోలర్‌ని. సర్వర్లు చూసుకునే ఉద్యోగం వస్తుందని అమీర్‌పేట మైత్రీవనం దగ్గర, విండోస్‌కు బదులు వాడే లినక్స్ నేర్చుకున్నాను. చేరింది మాత్రం సైటు పక్కన పోర్టా క్యాబిన్‌లో, డ్రాయింగులకూ ఉత్తరాలకూ నంబర్లు వేసే కుర్చీలో. కాంక్రీటు పోయక ముందు ఇనుప చువ్వలు ఎంత ఎడంలో కట్టారో ఫొటో తీయాలి. పోశాక ఆ చువ్వలు ఇక ఎవరి కంటా పడవు, ఫొటో ఒక్కటే సాక్ష్యం. అది సరైన తనిఖీ పత్రానికి జతకాకపోతే పేచీ మొదలవుతుంది. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు గంటల వరకు ఎండలో పని చేయించకూడదని అక్కడి నిబంధన. సరిగ్గా ఆ వేళకే ఫోర్‌మన్లు చెమట కారుతూ లోపలికి వచ్చి ఫోన్లు నా బల్ల మీద పెట్టేవారు. రోజుకు ఐదారు వందల ఫొటోలు. సగం మసక. కొన్నింటిలో ఎవరిదో బూటు తప్ప మరేమీ ఉండదు.

ఆఫీసు ఇచ్చిన కంప్యూటర్ ఒక్కో ఫొటో తెరవడానికి ఆవులించేది. మూలన పడేసిన పాతదాన్ని అడిగి తీసుకుని లినక్స్ ఎక్కించాను, ఫొటోలు చూపించే ఫెహ్ అనే చిన్న ప్రోగ్రాం పెట్టాను. ఆదేశాలు టైపు చేసే టెర్మినల్‌లో దాని పేరు, పక్కన ఫోల్డర్ పేరు కొడితే ఫొటో తెర మీద ఉంటుంది. బటన్ల వరసలు లేవు, అలంకారాలు లేవు. దాని సత్తా వేరేచోట ఉంది. సున్నా నుంచి తొమ్మిది దాకా ఉన్న అంకెల మీటల్లో ఒక్కోదానికి మనకు కావలసిన ఆదేశం అప్పగించవచ్చు. ఒకటి నొక్కితే చువ్వలు, రెండు నొక్కితే సెంట్రింగ్, మూడు నొక్కితే పైపులు. ఆదేశం నడవగానే తర్వాతి ఫొటో తనంతట తానే వస్తుంది. ఎడమ చేతిలో టీ కప్పు, కుడి చేతికి మూడు వేళ్లు చాలు.

పెళ్లికీ అదే పద్ధతి పెట్టాను. ఒకటి ఆల్బమ్‌కు, రెండు వియ్యంకులకు పంపడానికి, మూడు తర్వాత చూద్దామనుకునేవాటికి. ఫొటోలను చోటు మార్చే ఆదేశం మాత్రం ఇవ్వలేదు, ఎందుకంటే సైటులో మొదటి నెలలోనే నాకు వాత పడింది. ఫైలు పేరు రావలసిన చోట శాతం గుర్తు పక్కన చిన్న ఎఫ్ రాశాను. పేరు మధ్య ఖాళీ ఉన్న ఫైలు తగిలేసరికి, ఆదేశాలను చదివి నడిపే షెల్ దాన్ని రెండు పేర్లుగా చదువుకుంది. ఆదేశం బోర్లా పడింది, ఫొటో మాత్రం ఏమీ ఎరగనట్టు ముందుకు జరిగింది. నాకు సాయంత్రానికి గాని తెలియలేదు. పెద్ద ఎఫ్ రాస్తే ఆ ఖాళీలను ఫెహ్ తానే సర్దుతుంది. మా స్టూడియో అతని డిస్క్‌లో ఖాళీ లేని పేరు ఒక్కటీ లేదు. కాబట్టి పెద్ద ఎఫ్ రాసి, నొక్కిన అంకెను బట్టి ఆ పేరును ఒక జాబితాలో చేర్చడంతో సరిపెట్టాను. ఆ జాబితాను తిరిగి ఫెహ్‌కే ఇస్తే ఎంచినవి మాత్రమే చూపిస్తుంది. ఇంకొక సంగతి. కంట్రోల్‌తో కలిపి డిలీట్ నొక్కితే ఫైలే పోతుంది, అడగడం కూడా ఉండదు. నాన్న వేళ్ల సంగతి తెలిసినవాణ్ని కనుక అన్నిటికంటే ముందు ఆ మీటలకు ఆ పని లేకుండా చేశాను.

లాప్‌టాప్‌ను టీవీకి తగిలించి, ఫొటోకు మూడు సెకన్లు అన్నాను. మొత్తం మూడున్నర గంటల పని. హెచ్ మీట నొక్కితే ఆగుతుందని చెప్పడం నా పొరపాటు.

"ఆగు నాన్నా, ఆ వెనక నిలబడ్డది ఎవరు?" అంది అమ్మ.

"వరంగల్ వాళ్ల కోడలు కాదూ?" అంది పెద్దమ్మ.

"ఆమె రానే లేదు."

"వచ్చింది. భోజనం చేయకుండా వెళ్లిపోయింది. అదే కదా నా కోపం."

ఒకటా, రెండా, మూడా అని అడిగాను. ఎవరూ పలకలేదు. ఆ రాత్రికి ఆల్బమ్ జాబితాలో పదకొండు, తర్వాత చూద్దామన్నవాటిలో ఆరు వందల పైచిలుకు తేలాయి. ఇంత జాప్యం సైటులో చేస్తే ఇంజినీరు నన్ను చువ్వలతో పాటు కాంక్రీటులో కప్పేసేవాడు.

పెళ్లికి నేను లేను. ఆ వారమే స్లాబు ఉందని సెలవు వెనక్కి జరిపారు. ముహూర్తం వెనక్కి జరగదు కదా. అబుదాబిలో వాట్సాప్ మీద రాత వెళ్తుంది, ఫొటో వెళ్తుంది, కాల్ మాత్రం కలవదు. అనుమతి ఉన్న మరో యాప్‌లో చిన్నాన్న కొడుకు ఫోను పట్టుకుని చూపించాడు. తలంబ్రాల దాకా కనిపించింది. ఆ తర్వాత తెర నల్లబడింది. అప్పుడు అబుదాబిలో పది గంటల ఇరవై నిమిషాలు. హాల్లో సిగ్నల్ పోయిందనుకున్నాను. కాసేపు చూసి, మిగిలిన పత్రాలకు నంబర్లు వేసుకున్నాను.

రెండో రోజు లాజహోమం ఫొటో వచ్చింది. చెల్లెలి దోసిట్లో అన్నదమ్ముడు పేలాలు పోయాలి. పోస్తున్నది చిన్నాన్న కొడుకు. పంచెకు జేబు లేక ఫోను నడుముకు దోపుకున్నాడు. ఫెహ్‌లో ఏ ఆదేశమైనా నడిపి దాని ఫలితాన్ని ఫొటో మూలన చూపించే ఏర్పాటు ఉంది. తీసిన సమయం కనిపించేలా నేను దాన్ని పెట్టుకున్నాను, సైటు అలవాటు. 11 గంటల 52 నిమిషాలు అని ఉంది. అబుదాబి మనకంటే గంటన్నర వెనక, అంత తీసేసి లెక్క చూసుకున్నాను.

"అది ఒకటి" అంది అమ్మ. అడగకుండా ఆమె అంకె చెప్పడం ఆ రెండు రోజుల్లో అదే మొదటిసారి. నొక్కాను. భోజనాల బంతి వచ్చింది. వరంగల్ వాళ్ల కోడలు ఎక్కడైనా కనిపిస్తుందేమోనని పెద్దమ్మ ముందుకు వంగింది.