కారులో అమ్మమ్మ క్యాసెట్

ప్రతి శుక్రవారం సాయంత్రం అమ్మను తీసుకుని బోడుప్పల్ నుంచి మియాపూర్ వెళ్తాను. అక్కావాళ్ళు అక్కడే ఉంటారు. ఆదివారం సాయంత్రం తిరిగి వస్తాం. ఉప్పల్, హబ్సిగూడ, తార్నాక, సికింద్రాబాద్, బేగంపేట, కూకట్‌పల్లి... ఊరు ఈ కొస నుంచి ఆ కొసకు. కాలేజీ వదిలాక బయల్దేరితే రెండు గంటలకు తక్కువ పట్టదు. ఆ రెండు గంటలూ అమ్మ తన తల్లి పాటలు వింటుంది.

అమ్మకు వినికిడి కొంచెం తగ్గింది. ఇయర్‌ఫోన్లు పెట్టుకోమంటే చెవులు నొస్తాయంటుంది. ఇంట్లో టీవీ, మిక్సీ, కింద వీధి చప్పుడు. అద్దాలన్నీ ఎక్కించిన కారులో మాత్రం ఆమెకు ప్రతి మాటా వినిపిస్తుంది. అందుకే అమ్మమ్మ గొంతును ఎలాగైనా కారులోకి తేవాలనుకున్నాను. అనుకున్నది సరిగ్గా కుదరడానికి దాదాపు ఏడాది పట్టింది.

మా దగ్గర ఉన్నది ఒకే ఒక్క క్యాసెట్. 1994లో బతుకమ్మ పండక్కి, మామయ్య దుబాయ్ నుంచి తెచ్చిన టేప్ రికార్డర్‌లో ఆలేరు దగ్గర మా అమ్మమ్మ ఊళ్ళో రికార్డు చేశాడు. సి-60 క్యాసెట్, అంటే ఒక్కో వైపు అరగంట. బతుకమ్మ పాటలు, నాట్లేసేటప్పుడు పాడుకునేవి, చివర్లో ఒక జోలపాట. అయిదేళ్ళ తర్వాత అమ్మమ్మ పోయింది. క్యాసెట్ అమ్మ బీరువాలో పట్టుచీరల కింద ఉండిపోయింది.

వినడానికి ముందు టేప్ తిరగాలి కదా. ఎర్రగడ్డ ఆదివారం సంతలో ఒక పాత వాక్‌మన్ దొరికింది. మోటారు తిరుగుతోంది కానీ లోపలి రబ్బరు బెల్టు సాగిపోయి ఉంది. బెల్టు సాగితే టేప్ నెమ్మదిగా కదులుతుంది, గొంతు బరువెక్కుతుంది. అమ్మ ఒక్క నిమిషం విని, "ఇది మా అమ్మ గొంతు గాదు బిడ్డా" అంది. కోఠి గుజరాతీ గల్లీలో ఒక పెద్దాయన బెల్టు మార్చి, మోటారు వేగం సరిచేసే చిన్న స్క్రూ ఎక్కడుందో నాకు చూపించాడు. క్యాసెట్ టేప్ సెకనుకు 4.76 సెంటీమీటర్లు నడవాలి. దాన్ని కొలిచే పరికరం నా దగ్గర లేదు, అమ్మ ఉంది. వాక్‌మన్ ఒళ్ళో పెట్టుకుని నేను స్క్రూను కొంచెం కొంచెంగా తిప్పుతూ పోతే, ఒకచోట అమ్మ చెయ్యెత్తి "ఆఁ, ఇగో ఇదే" అంది. అక్కడ ఆపేశాను. ఇరవై ఏళ్ళకు పైగా వినని గొంతును ఆమె చెవి అంత కచ్చితంగా పట్టుకుంది.

క్యాసెట్ లోపల టేప్‌ను హెడ్‌కు, అంటే టేప్ మీది శబ్దాన్ని చదివే భాగానికి, ఆనించి ఉంచే చిన్న దూది ముక్కలాంటి ప్యాడ్ ఒకటి ఉంటుంది. దాని జిగురు ఎండి ఊడిపోయింది. ఆ ప్యాడ్ లేకపోతే శబ్దం దూరం నుంచి వస్తున్నట్టు మసకగా ఉంటుంది. అయిదు చిన్న స్క్రూలు విప్పి, టేప్ చుట్టలు రెండింటినీ మరో ఖాళీ క్యాసెట్ డొక్కులోకి మార్చాను. చేతులు వణికాయి. మీ ఇంట్లోనూ ఇలాంటి క్యాసెట్ ఉంటే తెల్లని బట్ట పరిచి, దాని మీద పెట్టి విప్పండి. స్క్రూ కింద పడితే దొరకదు.

వాక్‌మన్ నుంచి యూఎస్‌బీ సౌండ్ డబ్బాకు, అక్కడి నుంచి ల్యాప్‌టాప్‌కు వైరు కలిపి, ఆడాసిటీలో రెండు వైపులూ రికార్డు చేశాను. అది ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్. దాంతో అరవై నిమిషాలు ఫోన్‌లోకి వచ్చాయి. ఇక కారే మిగిలింది.

మా కారు 2012 మోడల్. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. దాని స్టీరియోలో రేడియో, సీడీ తప్ప ఇంకేమీ లేవు. మొదట ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ కొన్నాను. సిగరెట్ లైటర్ సాకెట్‌లో గుచ్చితే అది ఫోన్‌లోని పాటను చిన్న రేడియో స్టేషన్‌లా ప్రసారం చేస్తుంది, కారు రేడియో దాన్ని అందుకుంటుంది. హైదరాబాద్‌లో 91.1, 92.7, 93.5, 98.3, 101.9 రెయిన్‌బో, 102.8 వివిధ భారతి, ఇలా స్టేషన్లు వరుసగా ఉన్నాయి కాబట్టి ఖాళీ చోటు వెతుక్కోవాలి. నేను 88.5 పెట్టాను. వారం రోజులు బాగానే నడిచింది. ఒక శుక్రవారం తార్నాక సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నాం. అమ్మమ్మ గొంతు ఉన్నట్టుండి మాయమైంది, దాని స్థానంలో డప్పులతో ఏదో హిందీ పాట. పక్క కారులోనూ అలాంటి ట్రాన్స్‌మిటరే ఉందన్నమాట, అదీ 88.5 మీదే. అమ్మ ఉలిక్కిపడి నా చెయ్యి పట్టుకుంది.

నేను ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్తాను కాబట్టి ఇది ఎందుకు జరిగిందో తెలుసు. ఏఎం రేడియోలో ఒకే చోట రెండు స్టేషన్లు వస్తే రెండూ కలగలిసి వినిపిస్తాయి. ఎఫ్ఎం అలా కాదు. రెండింట్లో బలంగా ఉన్న సిగ్నల్‌ను పట్టుకుని రెండోదాన్ని పూర్తిగా నొక్కేస్తుంది. పాఠంగా చెప్పినప్పుడు అది మంచి గుణమే. ఆ సాయంత్రం మాత్రం అమ్మమ్మను ఎవరో తోసేసినట్టు అనిపించింది. ఆకుపచ్చ లైటు పడి ఆ కారు ముందుకు పోయాక మళ్ళీ అమ్మమ్మ వచ్చింది. అమ్మ మాత్రం ఆ రోజంతా ఇంకేమీ మాట్లాడలేదు.

మర్నాడే కొత్త స్టీరియో పెట్టించాలని నిర్ణయించుకున్నాను. బ్లూటూత్, ఆక్స్ (ఫోన్‌ను వైరుతో కలిపే రంధ్రం), యూఎస్‌బీ మూడూ ఉన్నది కొన్నాను. స్పీకర్లు పాతవే.

బ్లూటూత్ గురించి ఎక్కువ చెప్పను. వైరు గొడవ లేదు, అదొక్కటే సుఖం. పాట మధ్యలో ఫోన్ వస్తే అమ్మమ్మ ఆగిపోతుంది. కొత్త పాటల విషయంలో నాకు తేడా తెలియలేదు కానీ, బుస్సుమనే పాత టేప్ శబ్దం బ్లూటూత్‌లో నీళ్ళలో ముంచి తీసినట్టు వినిపించింది. బ్లూటూత్ పాటను కుదించి పంపుతుంది. టేప్ బుస కూడా దానికి పాటలో భాగమే కాబట్టి దాన్నీ మోయాలి. నా చెవి నాకు చెప్పింది ఇది.

ఆక్స్ వైరుతో గొంతు శుభ్రంగా వచ్చింది. కానీ ఫోన్ కారు ఛార్జర్‌కు తగిలించగానే సన్నగా "కీ..." అని మొదలైంది. యాక్సిలరేటర్ తొక్కితే ఆ కూత పైకి పోతుంది, వదిలితే కిందికి దిగుతుంది. ఛార్జర్ తీసేస్తే నిశ్శబ్దం. కారణం ఇది: ఛార్జర్ ద్వారా ఒక దారి, ఆక్స్ వైరు ద్వారా ఇంకో దారి, ఇలా ఫోన్‌కూ స్టీరియోకూ మధ్య గ్రౌండ్, అంటే కరెంటు తిరిగి వెళ్ళే లైను, రెండు దారుల్లో కలిసి ఒక చుట్టు ఏర్పడుతుంది. ఇంజన్‌తో పాటు తిరిగి కరెంటు తయారుచేసే ఆల్టర్నేటర్ పుట్టించే అలజడి ఆ చుట్టులో పాకి స్పీకర్లలోకి వస్తుంది. ఇంజన్ వేగంతో పాటు కూత మారేది అందుకే. దీనికి గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ అని అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్ద డబ్బా దొరుకుతుంది. లోపల రెండు చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి. పాట వాటి గుండా అయస్కాంత క్షేత్రంగా దాటుతుంది, గ్రౌండ్ మాత్రం తెగిపోతుంది. చవకవాటిలో డప్పుల బరువు కొంత తగ్గుతుంది. మాకు కావలసింది ఒక మనిషి గొంతే కాబట్టి నష్టం లేదు. ఇంకో సంగతి: ఆక్స్‌లో వినేటప్పుడు ఫోన్ వాల్యూమ్ దాదాపు చివరి దాకా పెంచి, స్టీరియో వాల్యూమ్‌తో సర్దుకోవాలి. ఫోన్‌లో తగ్గించి స్టీరియోలో పెంచితే గొంతుతో పాటు బుస కూడా పెరుగుతుంది. ఆ తర్వాత పొరపాటున రేడియోకు మారితే గుండె ఆగినంత పని అవుతుంది, ముఖ్యంగా పెద్దవాళ్ళు పక్కన ఉన్నప్పుడు.

అప్పుడు బయటపడింది అసలు లోపం. అమ్మ ఎడమ సీట్లో హాయిగా వింటోంది, కుడివైపు డ్రైవింగ్ సీట్లో ఉన్న నాకు పాట ఎక్కడో దూరం నుంచి వస్తోంది. కుడి స్పీకర్లు పోయాయేమోనని రేడియో పెట్టి చూశాను, రెండు వైపులా బాగానే మోగింది. ఇంటికెళ్ళి ల్యాప్‌టాప్‌లో ఫైలు తెరిచాను. ఎడమవైపుకు ఒకటి, కుడివైపుకు ఒకటిగా ఉన్న రెండు గీతల్లో పైది కొండలూ లోయలూ, కిందిది తిన్నగా గీసిన రేఖ. వాక్‌మన్ నుంచి తెచ్చిన వైరు పిన్ను తీసి వెలుతురులో చూస్తే దాని మీద నల్లని ఉంగరం ఒకటే ఉంది, అంటే మోనో పిన్. స్టీరియో పిన్నుకు రెండు ఉంటాయి. ఆ మోనో పిన్ వల్ల ఎడమవైపు మాత్రమే రికార్డయింది. ఎఫ్ఎంలో ఇది ఎందుకు తెలియలేదంటే, సిగ్నల్ బలంగా లేనప్పుడు చాలా కారు రేడియోలు రెండు వైపులనూ కలిపేసి మోనోగా వినిపిస్తాయి. ఖాళీ గీతను తీసేసి, మిగిలిన దాన్ని మోనో ఫైలుగా దాచాను. మోనో ఫైలు రెండు వైపులా సమానంగా మోగుతుంది. అమ్మమ్మ అప్పటిదాకా అమ్మ ఒక్కదాని పక్కనే కూర్చుంది. ఆ రోజు మా ఇద్దరి మధ్యకు వచ్చింది.

తర్వాత పెన్‌డ్రైవ్‌కు మారాం, ఫోన్ గొడవే వద్దని. కొత్త 64 జీబీ పెన్‌డ్రైవ్‌ను స్టీరియో చదవలేదు. పెన్‌డ్రైవ్‌లో ఫైళ్ళను అమర్చే పద్ధతులు వేర్వేరుగా ఉంటాయి. అది ఎక్స్‌ఫ్యాట్ అనే పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంది, మా స్టీరియోకు ఫ్యాట్32 అనేది కావాలి. ఇంట్లో ఉన్న పాత 8 జీబీది పెట్టగానే పని చేసింది. తెలుగులో రాసిన ఫైలు పేర్లు స్క్రీన్ మీద డబ్బాలుగా కనిపించాయి కాబట్టి అంకెలు వేశాను: 01, 02, 03. కొన్ని స్టీరియోలు పేరు చూడవు, ఏ ఫైలు ముందు కాపీ చేస్తే దాన్నే ముందు పాడతాయి. మాదీ అదే రకం. అందుకని ఫైళ్ళను ఒక్కొక్కటిగా వరుసలో కాపీ చేశాను.

ఒక్కో పాటనూ కత్తిరించి విడి ఫైలు చేయడానికి నాకు రెండు రాత్రులు పట్టింది. పాటకూ పాటకూ మధ్య ఉన్న మాటలు, దగ్గులు, గిన్నెల చప్పుడు తీసేశాను. మొత్తం పదకొండు పాటలు. శుక్రవారం బయల్దేరాం. హబ్సిగూడ దాటాక నాలుగో పాట అయిపోయి అయిదోది మొదలైంది. అమ్మ స్టీరియో వైపు చూసింది.

"ఈడ నీళ్ళడుగుతది గదా."

నాకు అర్థం కాలేదు.

"పాట అయినంక, 'గిలాసల నీళ్ళియ్యి బిడ్డా' అంటది. నేనే లేచి ఇచ్చిన. ఆ మాట యాడ పోయింది?"

కారు పక్కకు ఆపాను. ఏం చెప్పాలో తెలియలేదు. ఆ మాటను నేనే కత్తిరించాను, చప్పుడు అనుకుని. క్యాసెట్ మొత్తంలో అమ్మమ్మ అమ్మతో నేరుగా మాట్లాడింది ఆ ఒక్కచోటే. మిగతావన్నీ ఊళ్ళో ఆడవాళ్ళందరికీ పాడిన పాటలు.

మొదట చేసిన రికార్డింగ్‌ను ల్యాప్‌టాప్‌లో చెరపలేదు, అదృష్టం. దయచేసి మీరూ చెరపకండి. ఎంత శుభ్రం చేసినా, ఎన్ని ముక్కలు చేసినా, కత్తెర పడని మొదటి ఫైలు ఒకటి వేరుగా ఉండాలి. ఆ రాత్రే మియాపూర్‌లో అక్కావాళ్ళ ఇంట్లో కూర్చుని పెన్‌డ్రైవ్‌లో పదకొండు ఫైళ్ళూ తీసేసి రెండే పెట్టాను. ఒకటి మొదటి వైపు, ఒకటి రెండో వైపు. దగ్గులతో, గిన్నెలతో, మామయ్య "అయిందా?" అని అడగడంతో సహా.

అరగంట ఫైలుతో ఒక ఇబ్బంది వచ్చింది. కారు ఆపి మళ్ళీ స్టార్ట్ చేస్తే స్టీరియో ప్రతిసారీ మొదటి నుంచి మొదలుపెట్టేది. పెట్రోలు బంకు దగ్గర ఆగినా అంతే. స్టీరియో వెనక పసుపు వైరు ఒకటి, ఎర్ర వైరు ఒకటి ఉంటాయి. ఎర్రది తాళం తిప్పినప్పుడే కరెంటు అందుకుంటుంది. పసుపుది ఎప్పుడూ బ్యాటరీకి కలిసి ఉండాలి, స్టీరియో జ్ఞాపకం దాని మీదే నిలబడుతుంది. బిగించినతను తొందరలో రెండింటినీ తాళానికే కలిపేశాడు. రాణీగంజ్‌లో ఇంకో మెకానిక్ పావుగంటలో పసుపు వైరును విడదీసి, ఫ్యూజు పెట్టి బ్యాటరీ లైనుకు కలిపాడు. మీ స్టీరియో గడియారం రోజూ పన్నెండుకు వెళ్ళిపోతుంటే ముందు ఆ వైరు చూపించండి.

ఇప్పుడు పాట ఆపిన చోటే ఉంటుంది, క్యాసెట్ ఉన్నట్టే. మొన్న శుక్రవారం మియాపూర్ చేరేసరికి నాలుగో పాట చివరి చరణంలో ఉంది. అక్క గేటు తీసి నిలబడింది, తాళం తీసేశాను. ఆదివారం సాయంత్రం అమ్మ సీటు బెల్టు పెట్టుకున్నాక తాళం తిప్పాను. చరణం పూర్తయింది, గిన్నె చప్పుడైంది, అమ్మమ్మ నీళ్ళడిగింది. అమ్మ ఒళ్ళోని సీసా మూత తిప్పి రెండు గుక్కలు తాగి, నాకూ ఇచ్చింది.