గాడిలో వేసిన మేత ముందు ఎవరికి చేరుతుంది?

ఆవు గడ్డి తిని బతుకుతుందంటాం గానీ, గడ్డిలోని పీచు పదార్థమైన సెల్యులోజ్‌ను విడగొట్టే ఎంజైమ్ ఆవు ఒంట్లో ఎక్కడా తయారుకాదు. ఆ పని చేసేవి పెద్దపొట్టలో, అంటే రూమెన్‌లో ఉండే సూక్ష్మజీవులు. పీచును పులియబెట్టుకుని అవి బతుకుతాయి. ఆ క్రమంలో బయటికొచ్చే ఎసిటేట్, ప్రొపియోనేట్, బ్యూటిరేట్ ఆమ్లాలు రూమెన్ గోడ నుంచి రక్తంలోకి వెళ్తాయి. ఆవుకు కావాల్సిన శక్తిలో దాదాపు 70 శాతం వీటి నుంచే వస్తుంది. గడ్డిని గట్టిపరిచే లిగ్నిన్‌ను మాత్రం ఆ సూక్ష్మజీవులూ ఏమీ చేయలేవు. ముదిరిన గడ్డి అరగకపోవడానికి కారణం అదే.

మాంసకృత్తుల సంగతి ఇంకా చిత్రం. కోడి, పంది కడుపులో ఆమ్లం, పెప్సిన్, తర్వాత క్లోమం నుంచి వచ్చే ట్రిప్సిన్ మాంసకృత్తులను అమైనో ఆమ్లాలుగా తెంచుతాయి. అందుకే వాటికి దాణాలో లైసిన్, మెథియోనిన్ లాంటి అమైనో ఆమ్లాలు ఎంత ఉన్నాయన్నది అంత ముఖ్యం. పచ్చి సోయాలో ట్రిప్సిన్‌ను అడ్డుకునే పదార్థం ఉంటుంది, వేడిచేయకుండా పెడితే ఎదుగుదల దెబ్బతింటుంది. ఆవులో అయితే మేత మాంసకృత్తుల్లో ఎక్కువ భాగం ఆమ్లం దాకా వెళ్లకముందే రూమెన్‌లో అమ్మోనియా దాకా విడిపోతుంది. ఆ అమ్మోనియాతో సూక్ష్మజీవులు తమ ఒళ్లు కట్టుకుంటాయి. తర్వాత మేతతోపాటు ఆమ్లం ఊరే నాలుగో పొట్టలోకి కొట్టుకుపోయి అక్కడ అరిగిపోతాయి. చిన్నపేగుకు చేరే మాంసకృత్తుల్లో సాధారణంగా సగానికి పైగా ఈ సూక్ష్మజీవులవే.

కాబట్టి పీచుకో లెక్క, మాంసకృత్తులకో లెక్క అని విడదీస్తే తప్పుతుంది. మొత్తం మేతలో మాంసకృత్తులు సుమారు 7 శాతం కన్నా తగ్గితే సూక్ష్మజీవులకు వాటి నుంచి దొరికే నత్రజని చాలదు. పీచు నెమ్మదిగా అరుగుతుంది, పొట్ట ఖాళీ కాదు, పశువు మేత వదిలేస్తుంది. వరిగడ్డిలో ఉండేది 3, 4 శాతమే. పశువు తినడం లేదని ఆకలి మందు పోయడం కన్నా మాంసకృత్తులుండే నూనెగింజల చెక్క కాస్త వేయడం మేలు. అప్పుడు అదే గడ్డిని ఎక్కువగా తింటుంది.

యూరియాతో గడ్డిని మాగబెట్టడంలో ఉన్న కిటుకూ ఇదే. 100 కిలోల ఎండుగడ్డికి 4 కిలోల యూరియా, 40 నుంచి 50 లీటర్ల నీళ్లు. యూరియా పూర్తిగా కరిగాక పొరలు పొరలుగా చల్లి, బాగా తొక్కి, గాలి చొరబడకుండా ప్లాస్టిక్ కప్పి 3 వారాలు ఉంచాలి. లోపల పుట్టే అమ్మోనియా లిగ్నిన్ పట్టును సడలిస్తుంది, నత్రజనినీ కలుపుతుంది. కప్పులో సందు ఉంటే అమ్మోనియా పోయి గడ్డి బూజు పడుతుంది. తీసిన గడ్డిని ఘాటు తగ్గేదాకా ఆరబెట్టాకే వేయాలి. రూమెన్ పూర్తిగా ఎదగని దూడలకు వేయొద్దు. యూరియా నీళ్ల బకెట్ పశువుకు అందేచోట ఎప్పుడూ ఉంచకండి: వణుకు, నురగ, కడుపుబ్బరం మొదలై కొద్దిసేపట్లోనే ప్రాణం పోవచ్చు.

నత్రజని ఎక్కువైనా చిక్కే. దాన్ని వాడుకోవడానికి సూక్ష్మజీవులకు అదే సమయంలో శక్తి కావాలి. అది అందకపోతే అమ్మోనియా రక్తంలోకి వెళ్తుంది, కాలేయం దాన్ని యూరియాగా మారుస్తుంది. కొంత లాలాజలంతో తిరిగి రూమెన్‌కు వస్తుంది, మిగిలింది మూత్రంలో పోతుంది. ఖరీదైన చెక్క అలా వృథా అవుతుంది.

శక్తి కోసమని గింజలు ఒక్కసారిగా పెంచితే రూమెన్‌లో పులుపు పెరిగి పీహెచ్ 6 కన్నా దిగుతుంది, పీచు తినే బ్యాక్టీరియా చతికిలబడతాయి. ఆ పులుపును సర్దేది లాలాజలం. పెద్ద ఆవులో అది రోజుకు 100 లీటర్లు దాటుతుంది, నమిలేకొద్దీ ఊరుతుంది. గడ్డిని మరీ సన్నగా నరికితే నెమరు తగ్గి లాలాజలమూ తగ్గుతుంది. దాణా మార్పు ఏదైనా 2 వారాల్లో మెల్లగా చేయాలి.

గుర్రానికి పీచు పులిసేది చిన్నపేగు దాటాక, పెద్దపేగులో. ఆమ్లాలు దక్కుతాయి, సూక్ష్మజీవుల మాంసకృత్తులు మాత్రం చాలావరకు లద్దెలో పోతాయి. కుందేలు తన పెంటలోని మెత్తటి ఉండలను నేరుగా నోటితో అందుకుని తినేసి ఆ నష్టాన్ని పూడ్చుకుంటుంది. అది జబ్బు కాదు, ఆపకూడదు.

ఆవు లోపల ఏం జరుగుతోందో తెలియాలంటే గుప్పెడు పేడను జల్లెడలో వేసి, నీళ్లు తేటగా వచ్చేదాకా కడగండి. సెంటీమీటరు దాటిన పీచు ముక్కలు ఎక్కువగా మిగిలితే రూమెన్‌లో పీచు సరిగా అరగడం లేదు. గింజలు అలాగే కనిపిస్తే వాటిని నలగగొట్టి వేయాలి. పేగు పొరలా జిగురు తేలితే గింజలు రూమెన్ దాటి పెద్దపేగులో పులుస్తున్నట్టు. పడుకుని నెమరేసే పశువు ఒక్కో ముద్దను ఎన్నిసార్లు నములుతోందో కూడా లెక్కపెట్టండి. 50, 60 సార్లయితే బాగున్నట్టే. 40 లోపే మింగేస్తుంటే పొడవు గడ్డి చాలడం లేదు.