రెండో శనివారం, 9.42

ఈరోజు రెండో శనివారం. ఆఫీసు లేదు కదా అని తాపీగా పదకొండు దాటాక సత్యనారాయణపురంలో అమ్మావాళ్ల ఇంటికి వెళ్లాను. గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే అమ్మ గొంతు తగ్గించి, "మీ నాన్న పొద్దుటి నుంచి టిఫిన్ ముట్టలేదే, అడిగితే ఆకలి లేదంటారు, ఆ ఫోను పట్టుకుని కూర్చున్నారు" అంది. పెసరట్లు ప్లేటులో అలాగే చల్లారిపోయి ఉన్నాయి. నాన్న పెసరట్టు వదిలేశారంటే ఒంట్లో బాగాలేదేమో అనుకున్నా. చెయ్యి పట్టుకుని చూస్తే జ్వరం లేదు. "ఏం లేదమ్మా, కూర్చో" అన్నారు, నా మొహం మాత్రం చూడలేదు.

నాన్న రైల్వేలో గార్డుగా చేసి 2011లో రిటైరయ్యారు. బండి ఏ స్టేషన్‌కి ఎన్నింటికి వచ్చింది, ఎన్నింటికి కదిలింది, మధ్యలో ఎక్కడ ఎందుకు ఆగింది, అన్నీ రాయడమే ఆ ఉద్యోగంలో సగం పని. ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు, గ్యాస్ బండ వచ్చిన టైము కూడా ఒక చిన్న నోట్‌బుక్‌లో రాసి పెడతారు. ఈరోజు ఆ నోట్‌బుక్ బల్ల మీద బోర్లించి ఉంది. తిప్పి చూశాను.

"9.42 ఫోను. పెన్షన్ సెల్ అన్నాడు. 9.51 ఓటీపీ ఒకటి. 9.54 రెండు. 9.56 డబ్బు పోయింది. కట్ చేశాను."

కింద ఫోన్ చేసినవాడి నంబరు. "పోయింది" అన్న చోట పెన్ను ఎంత గట్టిగా నొక్కారో, వెనక పేజీకి అచ్చు పడింది.

పోయింది 49,000.

నవంబర్ వచ్చిందంటే నాన్నలాంటి పెన్షనర్లకి లైఫ్ సర్టిఫికేట్ హడావుడి, బతికే ఉన్నామని ఏటా ఇచ్చే ధ్రువీకరణ అది. వాడికి ఆ సంగతి తెలుసు. "నమస్కారం సార్" అంటూ మంచి తెలుగులో మొదలుపెట్టి నాన్న పూర్తి పేరు, పీపీఓ (పెన్షన్ మంజూరు ఉత్తర్వు) నంబరు, ఏ నెలలో రిటైరయ్యారో, పెన్షన్ ఏ బ్రాంచిలో పడుతుందో అన్నీ వాడే గడగడా చదివాడట. మీది లైఫ్ సర్టిఫికేట్ అప్‌డేట్ కాలేదు, ఈరోజు బ్యాంకు సెలవు కాబట్టి ఫోన్‌లోనే చేసేస్తున్నాం, లేకపోతే ఈ నెల పెన్షన్ ఆగిపోతుంది అన్నాడట. నాన్న అన్న మాట ఇంకా చెవిలో ఉంది: "నా పీపీఓ నంబరు నాకే నోటికి రాదమ్మా. వాడు తప్పు లేకుండా చెప్పాడు. ఆఫీసు వాళ్లు కాకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?"

ఎవరికైనా తెలుస్తుంది. ఆ పీపీఓ జిరాక్సులు ఇన్నేళ్లలో ఎన్నిచోట్ల ఇచ్చి ఉంటారో తర్వాత ఇద్దరం కూర్చుని లెక్కేస్తే మాకే అంతు దొరకలేదు. మన వివరాలు చెప్పాడు కాబట్టి వాడు ఆఫీసు మనిషే అనుకోవడం దగ్గరే వ్యవహారం మొత్తం దెబ్బతింది. నిజానికి పెన్షన్ ఆఫీసు వాళ్లెవరూ ఫోన్ చేసి లైఫ్ సర్టిఫికేట్ అప్‌డేట్ చేయరు. మనమే బ్యాంకుకో పోస్టాఫీసుకో వెళ్లాలి, లేదంటే జీవన్ ప్రమాణ్ యాప్‌లో చేసుకోవాలి. పోస్ట్‌మ్యాన్‌ని ఇంటికి పిలిపించుకున్నా 70 రూపాయలే. అయితే ఆ యాప్‌లో కూడా మొదట ఒక ఓటీపీ వస్తుంది, పోయినేడాది నేనే చేసి పెట్టాను కదా, అందుకని ఓటీపీ అడిగితే నాన్నకి వింతగా అనిపించలేదు. వచ్చిన మెసేజ్‌లో మాత్రం నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డ్ మార్చడానికి అని స్పష్టంగా ఉంది, ఎవరికీ చెప్పవద్దనీ ఉంది. నాన్నకి ఇంగ్లీషు బాగా వచ్చు. "చదవబోయానమ్మా, వాడు మాట్లాడుతూనే ఉన్నాడు, త్వరగా చెప్పండి సార్ టైమైపోతుంది అంటూనే ఉన్నాడు" అన్నారు. రెండోది కూడా అలాగే చెప్పేశారు. మూడో ఓటీపీ అడుగుతుండగా డబ్బు కట్ అయిన మెసేజ్ వచ్చింది, అప్పుడు పెట్టేశారు.

9.56 నుంచి నేను వచ్చేదాకా గంటన్నర పైన. ఎవరికీ చెప్పలేదు. అమ్మకి కూడా.

ఎందుకు చెప్పలేదు నాన్నా అంటే, కాసేపు ఆగి, "తిడతావేమోనని" అన్నారు. నాకు నోట మాట రాలేదు. పోయినేడాది కరెంటు బిల్లు కట్టలేదని ఏదో మెసేజ్ వస్తే నాన్న అందులో ఉన్న నంబరుకి ఫోన్ చేశారు, అప్పుడు డబ్బేమీ పోలేదు, అయినా పిల్లాడి ముందే గట్టిగా అరిచాను, ఇన్నిసార్లు చెప్పినా అర్థం కాదా అని. నేను మర్చిపోయాను, ఆయన మర్చిపోలేదు. ఈ గంటన్నర ఆలస్యంలో నా పాలు కూడా ఉంది, అది ఇక్కడ రాసుకోకపోతే నాకు నిద్ర పట్టదు. ఈ మోసాల్లో డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకి నిమిషాల్లో మారిపోతుంది. ఎంత ముందు చెబితే అంత ఎక్కువ ఆపగలుగుతారు.

వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశాం. రెండో ప్రయత్నంలో కలిసింది. అవతలి అమ్మాయి ఓపిగ్గా అడిగింది: ఏ బ్యాంకు, ఖాతా నంబరు, ఎంత పోయింది, ఎన్ని గంటలకి, ట్రాన్సాక్షన్ నంబరు, ఏ నంబరు నుంచి ఫోన్ వచ్చింది. చివరి మూడూ నోట్‌బుక్ లోంచీ మెసేజ్ లోంచీ నాన్నే చదివారు. టైములు చెప్పేటప్పుడు ఆయన గొంతు కొంచెం నిలబడింది. ఫిర్యాదు నంబరు వచ్చింది, దాంతో సైబర్ క్రైమ్ పోర్టల్‌లో మిగతా వివరాలు నింపాను. ఆ మధ్యలోనే నెట్ బ్యాంకింగ్, కార్డు బ్లాక్ చేయించాం. కస్టమర్ కేర్ నంబరు కోసం గూగుల్‌లో వెతకబోయి ఆగి కార్డు వెనక ఉన్నదే చూశాను, వెతికితే దొంగ నంబర్లే ముందు తగులుతున్నాయి ఈమధ్య. ఫోన్‌లో కొత్త యాప్‌లేమైనా ఎక్కించారా అని కూడా చూశా, ఏమీ లేవు. డబ్బు వస్తుందో రాదో తెలియదు. సోమవారం బ్రాంచికి వెళ్లాలి.

వాడి తెలుగు చాలా బాగుందని నాన్న రెండుసార్లు అన్నారు, అదే ఆయన్ని ఎక్కువ బాధపెట్టినట్టుంది. 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టిన కంబోడియా వ్యవహారం గుర్తొచ్చింది. డేటా ఎంట్రీ ఉద్యోగాలని మన కుర్రాళ్లని తీసుకెళ్లి, బంధించి, ఇలాంటి మోసాలే చేయించారు. ఈరోజు మాట్లాడినవాడు ఎవరో, ఎక్కడ కూర్చుని చేశాడో. కోపం ఉంది, అయినా ఆ ఆలోచన వదల్లేదు.

సాయంత్రం నా ఫోన్‌లోనే లైఫ్ సర్టిఫికేట్ చేద్దామన్నాను. నాన్న మొదట వద్దన్నారు, ఈ ఏడాదికి బ్యాంకులోనే ఇస్తానన్నారు. బలవంతం చేయలేదు. కాఫీ తాగాక ఆయనే వచ్చి కూర్చున్నారు. యాప్ కెమెరాలో మొహం చూపించాలి, హాల్లో వెలుతురు చాలక రెండుసార్లు ఫెయిలైంది. వరండాలోకి వెళ్లి, కళ్లజోడు తీసి, యాప్ చెప్పినట్టు కళ్లార్పారు. ఓటీపీ వచ్చినప్పుడు ఆ మెసేజ్ మొత్తం మొదటి నుంచి చివరిదాకా పైకి చదివారు, దేనికోసమో కూడా చదివారు, అప్పుడు గానీ నాకు చెప్పలేదు.

అయ్యాక నోట్‌బుక్ తీశారు. "5.25 లైఫ్ సర్టిఫికేట్ అయింది" అని రాసి, "ఆ ఫోన్ నంబరు ఏదన్నావ్, 1930యేనా?" అని అడిగి దాన్ని అట్ట లోపలి వైపు పెద్ద అంకెల్లో రాసుకున్నారు. పెసరట్లు అమ్మ మళ్లీ వేడిగా వేసింది.