మా నాన్న తరిమిన గూడబాతులు

సంక్రాంతికి ఊరెళ్తే మా అమ్మాయి ఆటపాక పక్షుల కేంద్రానికి తీసుకెళ్లమని పట్టుబట్టింది. కైకలూరు పక్కనే కదా, సరే అన్నాను. నాన్న కూడా చొక్కా తొడుక్కుని తయారయ్యాడు. నాకు నవ్వొచ్చింది. టికెట్ కొని గూడబాతుల్ని, అదే పెలికాన్లని, చూడాల్సిన ఖర్మ ఆయనకేంటి?

తొంభైల్లో కొల్లేట్లో మాకు నాలుగెకరాల చేపల చెరువు ఉండేది. శీలావతి, బొచ్చె వేసేవాళ్లం. తెల్లారేసరికి గూడబాతులు గుంపుగా దిగేవి. నాన్న గట్టు మీద తాటాకు టపాకాయలు పేల్చేవాడు, నేను నూనె డబ్బా మీద కర్రతో బాదేవాణ్ణి. అవి లేచి పక్క చెరువులో వాలేవి. అక్కడ ఇంకొకడు డబ్బా అందుకునేవాడు.

గూడ అంటే ఏంటో అప్పుడే చెప్పాడు నాన్న. చేలోకి నీళ్లు తోడే బుట్ట. ఇద్దరు చెరోపక్క తాళ్లు పట్టుకుని ఊపుతూ తోడేవాళ్లట. ఈ పక్షి ముక్కు కింద సంచి అచ్చం అలాగే పనిచేస్తుంది. నీళ్లతో సహా చేపను తోడేసి, ముక్కును రొమ్ముకు ఆనించి నీళ్లు వంపేసి, తలెత్తి గుటుక్కున మింగుతుంది.

పడవలో మా వెనక కూర్చున్నాయన వాళ్లావిడతో "ఇవన్నీ సైబీరియా నుంచి వచ్చాయి" అంటున్నాడు. ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. గూడబాతు దక్షిణాసియా పక్షి. గూడు, గుడ్లు, పిల్లలు అన్నీ ఇక్కడే. చలికాలంలో ఉత్తరాది నుంచి వచ్చే బాతులు, ఉల్లంకులు వేరు. వాటి పురుళ్లు అక్కడ, మేత మాత్రం ఇక్కడ. గూడు కట్టిన పక్షిని పట్టుకుని చుట్టపుచూపుగా వచ్చిందంటే ఎలా?

గూళ్లకు చెట్లు చాలక అటవీశాఖ వాళ్లు నీళ్లలో ఇనుప స్టాండ్లు పాతారు. ఒక స్టాండు దగ్గర పడవ నెమ్మదించింది. తెల్లటి నూగుతో ఒక పిల్ల, తల్లి నోరు తెరవగానే మెడదాకా ఆ సంచిలోకి దూరిపోయింది. మా అమ్మాయి భయపడి "నాన్నా, మింగేస్తోంది!" అంది. "కాదమ్మా, అన్నం తింటోంది" అన్నాడు తాతయ్య.

కాంటూరు అనే మాట మావైపు చదువురానివాళ్లకీ తెలుసు. సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత, అంటే ఐదో కాంటూరు లోపలున్న 308 చదరపు కిలోమీటర్లను 1999లో అభయారణ్యం చేశారు. 2002లో రామ్‌సర్ జాబితాలో, అంటే ప్రపంచంలోని ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలో, చేరింది. 2006లో పొక్లెయిన్లు వచ్చి దాని లోపలున్న చేపల చెరువుల గట్లు తెంపాయి. మాదీ పోయింది. నాన్న రెండురోజులు అన్నం ముట్టలేదు.

తెంపడం తప్పని నేను అనలేను. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చి పోసే వరదంతా కొల్లేట్లో పరుచుకుని, ఉప్పుటేరు మీదుగా నిదానంగా సముద్రంలోకి పోవాలి. ఉన్న దారి అదొక్కటే. మధ్యలో గట్లు కడితే నీళ్లు పరుచుకునే చోటు లేక పైనున్న ఊళ్ల మీదికి ఎగదన్నుతాయి. ఎండాకాలం సరస్సులో మంచినీళ్లు తగ్గితే అదే ఉప్పుటేటి వెంట సముద్రపు ఉప్పునీరు వెనక్కి ఎక్కుతుంది. ఇదంతా బాగానే చెప్తాను గానీ, నా ఇంజినీరింగ్ ఫీజు కట్టింది ఆ చెరువు డబ్బులతోనే. నాన్న ఎదుట ఈ లెక్చర్ ఎప్పుడూ ఇవ్వలేదు.

తిరిగొస్తుంటే కాస్త దూరంలో ఒక గూడబాతు ముక్కు పైకెత్తింది. సంచిలో ఏదో పెద్దదే కొట్టుకుంటోంది. మా అమ్మాయి చప్పట్లు కొట్టింది. నాన్న కళ్లు చికిలించి చూశాడు.

"శీలావతే. కిలో పైనే ఉంటుంది" అన్నాడు. కాసేపాగి, "ఎవరి చెరువులోదో పాపం" అన్నాడు.