ఆరే తొందరలోనే రంగు

మనం చదువుకునే రోజుల్లో, మన కాలేజీ బోటనీ ల్యాబ్‌లో ఎప్పటికీ తెగని వాదన ఒకటుండేది. నొక్కి ఆరబెట్టిన ఆకు రంగు పోకుండా ఎలా కాపాడాలి? ఒక పక్క మేడమ్, ఇంకో పక్క ల్యాబ్ అటెండరు గారు, మధ్యలో హెర్బేరియం (ఆరబెట్టిన మొక్కల్ని కాగితాలకి అతికించి దాచే సేకరణ) మార్కుల టెన్షన్‌తో మనం.

మేడమ్‌ది రసాయనాల దారి. సగానికి సగం నీళ్లు కలిపిన అసిటిక్ యాసిడ్‌లో కాపర్ ఎసిటేట్ అనే రాగి లవణాన్ని ఇక కరగదు అనేదాకా కరిగించి, దానికి నాలుగింతలు నీళ్లు చేర్చి బీకరులో మరిగించేవారు. వెనిగర్ ఘాటుకి కళ్లు మండేవి. ఆకుని అందులో వేయగానే ముందు పాచిపట్టినట్టు గోధుమరంగుకి తిరిగేది. ఇక పోయిందిలే అనుకుంటుంటే, కాసేపటికి మెల్లగా మళ్లీ పచ్చబడేది. క్లాసంతా నోరు తెరుచుకుని చూసేవాళ్లం. పత్రహరితం అణువు నడిమధ్యలో ఒక మెగ్నీషియం ఉంటుంది. ఆమ్లం తగిలితే అది ఊడిపోతుంది, గోధుమరంగు అందుకే. ఖాళీ అయిన ఆ చోట రాగి వచ్చి కూర్చుంటే పచ్చదనం తిరిగొస్తుంది. రాగి పట్టు గట్టిది, మెగ్నీషియంలా తేలిగ్గా వదలదు. తర్వాత ఆకుని ధారగా పడే నీళ్లలో బాగా కడిగి ప్రెస్‌లో, అంటే కాగితాల మధ్య ఆకుని నొక్కి ఉంచే చట్రంలో పెట్టాలి. రాగి లవణాలు విషం కాబట్టి ఆ బీకరు దగ్గరికి మమ్మల్ని రానిచ్చేవారు కాదు.

చూడ్డానికి అద్భుతమే. కానీ అప్పుడూ ఇప్పుడూ నా మనసు దానికి ఒప్పుకోలేదు. అలా ఉడికిన ఆకులన్నీ ఒకే నీలిపచ్చగా తేలతాయి. లేత వేపచిగురులోని ఎరుపూ ఉండదు, ముదురాకు నలుపూ ఉండదు. రంగు నిలిచిందనడం కన్నా కొత్త రంగు వేశామనడం నిజాయితీగా ఉంటుంది. పువ్వులకైతే ఈ పద్ధతి అసలు పనికిరాదు. ఎరుపు, ఊదా, నీలం ఇచ్చే ఆంథోసయనిన్లు నీళ్లలో కరిగే రకం, మరిగిస్తే బీకరులోకే దిగిపోతాయి.

అటెండరు గారిది ఒకటే మాట: "తడి ఉన్నంతసేపే రంగు పోతుందమ్మా, తొందరగా ఆరబెట్టండి." ఆ మాట వెనక ఎంత కెమిస్ట్రీ ఉందో డిగ్రీలో చేరాక గానీ అర్థం కాలేదు. కోసిన ఆకు వెంటనే చచ్చిపోదు. కణాలు ఒక్కొక్కటే చితికి, రిక్తికల్లోని (కణం లోపలి ద్రవం సంచుల్లోని) ఆమ్లం బయటికొచ్చి పత్రహరితాన్ని చేరుతుంది. ఎంజైములు ఆకులోని ఫినాల్స్ అనే పదార్థాల్ని ఆక్సీకరణం చేసి గోధుమరంగు పుట్టిస్తాయి. వీటన్నిటికీ నీరు కావాలి. నీరు పోతే పని ఆగిపోతుంది. అంటే ఆకు రంగు చాలావరకూ మొదటి రెండు రోజుల్లోనే తేలిపోతుంది, తర్వాత మనం పడే జాగ్రత్తలన్నీ మిగిలిన దాన్ని కాపాడుకోవడానికే.

అందుకే ఆయన మొదటిరోజు రెండుసార్లు, ఆ తర్వాత రోజూ బ్లాటింగ్ పేపర్లు మార్పించేవారు. మార్చబోయే కాగితాల్ని ముందే ఎండలో వేడి చేయించేవారు. నలుగురిలో ముగ్గురు ఈ ఒక్క పని బద్ధకించే మార్కులు పోగొట్టుకున్నారు, పేర్లు రాయను. నిగనిగలాడే మేగజైన్ కాగితం తడి పీల్చదు. గళ్లున్న టిష్యూ వాడితే పూరేకు మీద ఆ గళ్లే అచ్చు పడతాయి. మంచు ఆరిపోయాక కోయాలి, వానలో తడిసినవాటి జోలికి వెళ్లకూడదు. రసం నిండిన దళసరి ఆకులు ప్రెస్‌లో కూడా చాలారోజులు బతికే ఉండి చివరికి కణుపుల దగ్గర రాలిపోతాయి, వాటిని మాత్రం ముందు ఒక్క క్షణం మరిగే నీళ్లలో ముంచాలి. ఇప్పటి హెర్బేరియంలలో అట్టల మధ్య నుంచి 40, 45 డిగ్రీల వెచ్చటి గాలి పంపి ఆరబెడతారు. వేడి మరీ పెంచితే ఆకు మాడి పెళుసవుతుంది.

పువ్వుల సంగతి వేరు, అక్కడ అదృష్టం మనం ఏ పువ్వు ఎంచుకున్నామన్నదాని మీదే ఉంటుంది. బంతి పసుపు కెరోటినాయిడ్ అనే రంగు పదార్థానిది, చెప్పినట్టు వింటుంది. కాగితంపూలు మా బ్యాచ్ మొత్తానికి ఇష్టం. ఆ రంగు నిజానికి పువ్వు చుట్టూ ఉండే పుచ్ఛాలది, అంటే రేకుల్లా కనిపించే ఆకులది, అందులోని బీటలైన్లు అనే రంగు పదార్థాలు ఎండినా బాగానే నిలుస్తాయి. పైగా అందులో నీరే తక్కువ, సగం పని చెట్టే చేసిపెట్టింది. మందారం మాత్రం శత్రువు. జిగురుతో కాగితానికి అతుక్కుంటుంది, విడదీసి చూస్తే ఎరుపు పోయి ముదురు ఊదా మిగులుతుంది. ఆంథోసయనిన్ ఆమ్లంలో ఎర్రగా, ఆమ్లం తగ్గేకొద్దీ ఊదాగా, నీలంగా మారుతుంది మరి. పలచటి సిట్రిక్ యాసిడ్ నీళ్లలో రేకుల్ని తడిపి ఆరబెడితే ఎరుపు కొంత ఆగుతుంది, కొంతే. శంఖుపుష్పం నీలం కూడా ఆంథోసయనిన్‌దే అయినా దాని అణువుకి అదనంగా ఆమ్ల గుంపులు తగిలించి ఉంటాయి, ఆ రక్షణతో మిగతా నీలాలకన్నా ఎక్కువ కాలం నిలుస్తుంది. అందరికన్నా కష్టం తెల్లపూలతో. నందివర్ధనం రేకు మీద చిన్న నలుగు పడ్డా సరే, మర్నాటికి అక్కడ గోధుమ మచ్చ.

మేడమ్, అటెండరు గారు ఇద్దరూ ఒప్పుకున్న విషయం లేబుల్ ఒక్కటే. ప్రెస్ బిగించకముందే పువ్వు రంగు రాయాలి. "ఎరుపు" అని రాస్తే మేడమ్ కొట్టేసేవారు. ఏ ఎరుపు, లోపలా బయటా ఒకటేనా, రేకు అడుగున మచ్చ ఉందా? మొక్కల్ని ఆరబెట్టి కాగితానికి అతికించే పద్ధతిని 16వ శతాబ్దంలో ఇటలీకి చెందిన లూకా గినీ మొదలుపెట్టాడంటారు. ఆ కాలం షీట్లు ఈనాటికీ కొన్ని మిగిలాయి. నాలుగైదు వందల ఏళ్ల ఆకుని చూసి పచ్చదనం పోల్చుకోవడం కష్టమే, ఈనెలూ అంచులూ మాత్రం చెక్కుచెదరలేదు. అందుకే వర్గీకరణ చేసేవాళ్లు రంగు కోసం ఆకుని అడగరు, లేబుల్‌ని అడుగుతారు.

ఆరిన తర్వాత శత్రువు వెలుతురు. ఫ్రేము కట్టి గోడకి తగిలించిన పువ్వు ఎంత బాగా ఆరినా కొన్నాళ్లకి వెలిసిపోతుంది. అదే షీటు చీకట్లో, పొడిగా ఉంటే ఎన్నో ఏళ్లు ఆగుతుంది. పురుగు పట్టిందనిపిస్తే కవర్లో గట్టిగా మూసి మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్‌లో ఒక వారం ఉంచితే చాలు. పాతకాలంలో పూసినట్టు మెర్క్యురిక్ క్లోరైడ్ ఎవరూ పూయొద్దు, అది పురుగుతో పాటు మనిషికీ విషమే. పాత షీట్లు ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి.

మొన్న సంచిక పనిమీద వెళ్లినప్పుడు డిపార్ట్‌మెంట్‌లో మన హెర్బేరియం బీరువా చూశాను. గాజు తలుపులది, సరిగ్గా పడమటి కిటికీకి ఎదురుగా ఉంది. పై అరలో షీట్లు వెలిసిపోయాయి, కింది అరలోవి ఇంకా బాగున్నాయి. రీయూనియన్ రోజు భోజనాల తర్వాత నలుగురం ఓ చెయ్యేస్తే దాన్ని లోపలి గోడ వైపుకి జరిపేయొచ్చు. డిపార్ట్‌మెంట్ హెడ్ గారి అనుమతి తీసుకున్నాను. తలుపులకి లోపలివైపు అతికించడానికి నల్ల కాగితం నేను తెస్తాను.