పడమట ఉదయించే ఫోబోస్
శ్రీహరికోట నుంచి బయలుదేరిన మంగళయాన్ 2020 జులై 1న తీసిన, అంగారకుడి ఉపగ్రహమైన ఫోబోస్ చిత్రాన్ని నేను ఇప్పటికీ తెరిచి చూస్తుంటాను. గుంటలు పడిన ఆ శిల మీద స్టిక్నీ బిలం స్పష్టంగా కనిపిస్తుంది. అంగారకుడి భ్రమణానికి 24 గంటల 37 నిమిషాలు పడుతుండగా, ఫోబోస్ 7 గంటల 39 నిమిషాల్లోనే ఒక ప్రదక్షిణ ముగిస్తుంది కనుక, అక్కడి ఆకాశంలో అది పడమట ఉదయించి తూర్పున అస్తమిస్తుంది. ఆ వేగమే దానికి ముప్పు: తన ఆకర్షణతో గ్రహం మీద అది లేపే ఉబ్బు దానికంటే వెనుకబడి దాన్ని వెనక్కి లాగుతుండడంతో, కక్ష్య శతాబ్దానికి దాదాపు 1.8 మీటర్లు కుంచించుకుపోతోంది. అంగారకుడి రెండో ఉపగ్రహం డీమోస్ మాత్రం మెల్లగా దూరమవుతోంది.

ఇవి గ్రహానికి చిక్కిన గ్రహశకలాలన్న వాదన నాకు నమ్మశక్యంగా లేదు. అలా చిక్కిన శిలల కక్ష్యలు సాగి, వాలి ఉండాలి, ఇవేమో దాదాపు వృత్తాకారంలో, గ్రహ మధ్యరేఖకు దాదాపు నేరుగా పైనే తిరుగుతున్నాయి. భారీ తాకిడికి ఎగసిన శిథిలాల నుంచే ఇవి పుట్టాయని నేను భావిస్తున్నాను.