హెచ్. పైలోరి రక్తపరీక్షలో పాజిటివ్ వచ్చాక ఏం జరిగిందంటే

రిపోర్టులో హెచ్. పైలోరి ఐజీజీ ఎదురుగా లావు అక్షరాల్లో "పాజిటివ్" అని చూసేసరికి నాకు కడుపులో మంట కంటే టెన్షన్ ఎక్కువైంది. కడుపు లోపలి పొరలో చేరే ఈ క్రిమికి కొన్నేళ్ల కిందటే కోర్సు మొత్తం వాడాను మరి. రెండు వారాలు, పూటపూటకీ గుప్పెడు మాత్రలు, మెట్రోనిడజోల్ దెబ్బకి ఏం తిన్నా నోట్లో ఇనుప రుచే, బిస్మత్ వల్ల మలం నల్లగా... అదంతా మళ్లీ మొదటి నుంచా అని నీరసం వచ్చేసింది.

తిన్న కాసేపటికే ఉబ్బరం, మంట, ఆగని తేన్పులు మళ్లీ మొదలయ్యాయని ఒక డాక్టరు దగ్గరికి వెళ్తే ఆయన రాసిన పరీక్ష ఇది. సుఖమైన పరీక్షే, పరగడుపున రానక్కర్లేదు, వాడుతున్న గ్యాస్ మాత్రలు ఆపక్కర్లేదు, చేతి నుంచి కాస్త రక్తం తీసుకుని పంపించేస్తారు. రిపోర్టు చూడగానే ఆయన మళ్లీ యాంటీబయాటిక్స్ రాశారు. నాకెందుకో మందులు కొనబుద్ధి కాలేదు, ఇంకొకరికి కూడా చూపించి చూద్దామనిపించింది.

రెండో డాక్టరు జీర్ణకోశ నిపుణురాలు. ఆవిడ మొదట అడిగిందే, మొదటాయన అడగనిది: "ఇదివరకు దీనికి మందులు వాడారా?" వాడానన్నాను. "అయితే ఈ పాజిటివ్‌ని పక్కన పెట్టేయండి" అన్నారు, అంత తేలిగ్గా!

రక్తపరీక్ష క్రిమిని వెతకదట. క్రిమిని ఎదుర్కోవడానికి మన ఒంట్లో తయారైన యాంటీబాడీలను వెతుకుతుంది. క్రిమి చచ్చిపోయినా ఐజీజీ యాంటీబాడీలు వెంటనే పోవు, నెలలు, కొందరిలో ఏళ్లు ఉండిపోతాయి. దొంగతనం కేసు ఫైలు స్టేషన్లో ఉన్నంత మాత్రాన దొంగ ఇంకా ఇంట్లోనే ఉన్నాడని కాదు కదా. "నంబరు ఇంత ఎక్కువుంది, అంటే ముదిరిందనా?" అని అడిగితే కాదన్నారు, ఆ అంకెను బట్టి జబ్బు తీవ్రత చెప్పలేమట. ఐజీఎం అనే ఇంకో రకం యాంటీబాడీ పరీక్ష కూడా చేయించనా అంటే దాని మీద అసలే నమ్మకం పెట్టుకోవద్దన్నారు. అలాగని రక్తపరీక్ష పూర్తిగా దండగ అనీ అనలేదు. అల్సర్ నుంచి రక్తం కారుతున్నవాళ్లలో మిగతా పరీక్షలు క్రిమి ఉన్నా లేదని చూపించే వీలుంది, అలాంటప్పుడు ఇది పనికొస్తుందట.

ఇప్పుడు క్రిమి ఉందో లేదో తేలాలంటే మలంలో యాంటిజెన్ (అంటే క్రిమి తాలూకు పదార్థం) పరీక్ష గానీ, యూరియా బ్రెత్ టెస్ట్ గానీ చేయాలి. నేను రెండోది ఎంచుకున్నాను. దీనికి మాత్రం పథ్యం ఉంది: పాంటోప్రజోల్ లాంటి గ్యాస్ మాత్రలు రెండు వారాల ముందే ఆపాలి, యాంటీబయాటిక్స్, బిస్మత్ అయితే నాలుగు వారాలు. లేకపోతే క్రిమి అణిగి ఉండి దొంగ నెగటివ్ వస్తుంది. నన్నడిగితే కష్టమంతా ఈ రెండు వారాలదే. రాత్రిళ్లు మంటకి దిండు ఎత్తు పెట్టుకుని కూర్చునే పడుకున్నాను. మరీ తట్టుకోలేకపోతే యాంటాసిడ్ సిరప్ తాగమన్నారు, అదీ పరీక్ష రోజు వద్దని.

పరీక్ష రోజు పరగడుపున వెళ్లాను. ముందు ఒక సంచిలోకి ఊదించారు. "గాలి పీల్చి కాస్త బిగబట్టండి, ఇప్పుడు మెల్లగా వదలండి." తర్వాత కార్బన్-13 ఉన్న యూరియా కలిపిన నీళ్లు తాగించి, అరగంట కూర్చోబెట్టి, రెండో సంచిలోకి ఊదించారు. కడుపులో క్రిమి ఉంటే దాని యూరియేజ్ అనే ఎంజైము ఆ యూరియాను అమ్మోనియాగా, కార్బన్ డయాక్సైడ్‌గా విడగొడుతుంది, ఆ గుర్తున్న కార్బన్ రక్తంలో కలిసి ఊపిరిలో బయటికొస్తుంది. రెండు సంచుల మధ్య తేడాయే జవాబు. కార్బన్-13లో రేడియేషన్ ఉండదు. కార్బన్-14తో చేసేవాటిలో కొద్దిగా ఉంటుంది, అందుకే గర్భిణులకు అది చేయరు.

ఆ అరగంట ఫోన్లో ఆస్ట్రేలియా డాక్టరు బ్యారీ మార్షల్ గురించి చదువుతూ కూర్చున్నా. ఈ క్రిమి వల్లే కడుపు లోపలి పొర వాస్తుందని చూపించడానికి ఆయన 1984లో దాని కల్చర్‌నే గటగటా తాగేశాడట, 2005లో తోటి పరిశోధకుడు రాబిన్ వారెన్‌తో కలిసి నోబెల్ వచ్చింది. నేనేమో యూరియా నీళ్లకే మొహం చిట్లించాను.

రిజల్టు నెగటివ్. మరి ఈ మంటేంటని అడిగాను. బరువు తగ్గడం, మింగడం కష్టమవడం, నల్లటి మలం, రక్తహీనత ఏవీ లేవని నిర్ధారించుకుని, ఎండోస్కోపీ ఇప్పుడే అక్కర్లేదని మంటకి వేరే మందు మొదలుపెట్టారు. యాంటీబయాటిక్ ఒక్కటి కూడా లేదు. ఐజీజీ తగ్గిందో లేదో ఆరు నెలలాగి మళ్లీ చూసుకోనా అంటే "దేనికండీ?" అని నవ్వి, నా ఫైలు అట్ట మీద "హెచ్. పైలోరి కోర్సు అయింది, బ్రెత్ టెస్ట్ నెగటివ్, రక్తపరీక్ష వద్దు" అని రాసి తేదీ వేసి ఇచ్చారు.